కంపెనీని పిలిచి తెచ్చిన బాబాయి

బాబాయి పోయారని పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, ఆఫీస్ క్యాంటీన్‌లో ఉన్నాను. పొద్దున టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. "రాలేకపోతే పరవాలేదమ్మా, దూరం కదా," అంది పిన్ని. నన్ను ఇబ్బంది పెట్టకూడదనే అన్నది. నాకు మాత్రం సిగ్గేసింది.

ఆయన మా నాన్నకు పినతండ్రి కొడుకు. ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో, సిటీ ఆఫీస్‌లో పనిచేసేవారు. బయటి కంపెనీలను ఊరికి రప్పించడం ఆయన ఉద్యోగం. స్థలం చూడ్డానికి ఎవరైనా వస్తే తన కార్‌లోనే తిప్పేవారు. స్కూల్ ముందు బండి నెమ్మది చేసి, మీ వాళ్ళ పిల్లలు చదివేది ఇక్కడే అని చూపించేవారు. సాయంత్రం ఇంటికి తీసుకొచ్చి పెసరట్లు పెట్టించేవారు. "పన్ను తగ్గిస్తే కంపెనీ వస్తుందమ్మా. ఊరు నచ్చితే ఉండిపోతుంది," అనేవారు నాతో. అది ఆయన నమ్మకం.

నేను పనిచేసే కంపెనీ అలా వచ్చినదే. వచ్చేముందు పదేళ్ళపాటు ప్రాపర్టీ టాక్స్ మాఫీ చేయమంది. ఆ పన్నులో ఎక్కువ భాగం స్కూళ్ళకు పోయేది కాబట్టి ఊరివాళ్ళు వెనకాడారు. బాబాయే మీటింగ్‌లో నిలబడి నచ్చజెప్పారు. కొన్నాళ్ళు ఓర్చుకుంటే మన పిల్లలకు ఇక్కడే ఉద్యోగాలొస్తాయన్నారు. ఆయన మాట మీద ఒప్పుకున్నారు. డబ్బు చాలక స్కూల్‌లో సంగీతం క్లాసులు ఆగిపోయాయి, మధ్యాహ్నాలు లైబ్రరీ మూసేసేవారు. ఎమ్మెస్ ముగించిన నాకు మాత్రం ఆ కంపెనీలోనే ఉద్యోగం దొరికింది, హెచ్-వన్ వీసా వచ్చింది.

మాఫీ గడువు తీరగానే కంపెనీ టెక్సస్‌కు తరలిపోతోందని మేనేజ్‌మెంట్‌వాళ్ళు చెప్పారు. అక్కడ రాష్ట్రానికి కట్టాల్సిన ఇన్‌కమ్ టాక్స్ లేదు, బిజినెస్ క్లైమేట్ బాగుంది అన్నారు. ఇంజనీర్లను వెంట రమ్మన్నారు. గోడౌన్‌లో, ప్యాకింగ్‌లో ఉన్న ఊరివాళ్ళను మానిపించారు.

అప్పటికి రిటైరైన బాబాయికి ఆ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది.

"నిన్ను రమ్మన్నారా?" అని అడిగారు.

"రమ్మన్నారు బాబాయ్. యాక్సెప్ట్ చేశాను. గ్రీన్ కార్డ్ ప్రాసెస్ మధ్యలో ఉంది."

"మంచిపని చేశావు. ఇప్పుడు వదులుకుంటే మళ్ళీ మొదటికొస్తావు." తర్వాత అన్నారు: "వచ్చేటప్పుడు ఏం చూసుకుని వచ్చారో, పోయేటప్పుడూ అదే చూసుకుని పోతున్నారు. నాకే తెలిసిరాలేదు."

స్కూల్ బోర్డ్ మీటింగ్‌కు ఆయన వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. బాబాయి మైక్ దగ్గర నిలబడి, "కంపెనీ ఉంటుందని మాట ఇచ్చింది నేనే, నన్ను నమ్మి మీ పిల్లలు నష్టపోయారు, క్షమించండి," అన్నారు. కంపెనీతో పాటు వెళ్ళేవాళ్ళలో ఆ హాల్లో ఉన్నది నేనొక్కదాన్నే. నా కంపెనీ బ్యాడ్జ్ ఇంకా మెడలోనే ఉంది. మెల్లగా కోటు లోపలికి తోసుకున్నాను. మా కంపెనీవాళ్ళు చెప్పాల్సిన క్షమాపణ డెబ్బై ఏళ్ళ మనిషి చెబుతుంటే తలవంచుకుని విన్నాను.

మర్నాటి నుంచి ఆయన మధ్యాహ్నాలు జీతం లేకుండా లైబ్రరీ తెరిచి కూర్చున్నారు. పిల్లలకు లెక్కలు చెప్పేవారు. ఓపిక ఉన్నంతకాలం మానలేదు. ఊరు వదిలి వచ్చేయండి, మా ఇంట్లో ఉండండి అంటే, "రమ్మని పిలిచినవాణ్ణి, నేనే పోతే ఎలాగమ్మా," అనేవారు.

ఫోన్ చేస్తే ముందు మా పాప గురించే అడిగేవారు. "అక్కడ స్కూల్‌లో మ్యూజిక్ ఉందా?"

"ఉంది బాబాయ్. వయొలిన్ నేర్పిస్తున్నారు."

"ఏదీ, వాయించమను."

పాప వాయిస్తుంటే చివరిదాకా విని, "చాలా బాగుంది తల్లీ," అనేవారు. ఆయన గొంతులో ఎప్పుడూ నిష్ఠూరం వినిపించలేదు. ఉంటే నాకే కాస్త నయంగా ఉండేదేమో.

చివరి చూపుకు వెళ్ళాను. వాన పడుతోంది. ఫ్యూనరల్ హోమ్ బయట వీధి మలుపు దాకా జనం లైన్‌లో నిలబడి ఉన్నారు. చివర నిలబడబోతుంటే, గోడౌన్‌లో ఉద్యోగం పోయిన ఒక పెద్దాయన నన్ను గుర్తుపట్టారు. టెక్సస్‌లో అంతా బాగుందా అని అడిగారు. బాగుందన్నాను. ఆయన ముందున్నవాళ్ళతో, "ఈవిడ వాళ్ళింటి మనిషి, దారివ్వండి," అన్నారు.

ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. కొందరు టోపీలు తీసి పట్టుకున్నారు. పిల్లల్ని తల్లులు దగ్గరికి లాక్కున్నారు. వాళ్ళంతా నాకోసం కాలిబాట దిగి, వాననీళ్ళు పారుతున్న రోడ్డు మీద నిలబడ్డారు.