ఉపవాసంలో మింగిన మాత్ర

1986 ఆగస్టు, రెండవ శుక్రవారం సాయంత్రం, మట్టెవాడలో మా ఇల్లు. హాజరైనవారు: పాస్టరు గారు, నా భార్య కరుణమ్మ, మా అమ్మాయి ప్రేమలత, సంఘ స్త్రీలు కొందరు, నేను. ఆనాటి నా డైరీలో మొదటి మాటలివి.

సహోదరులారా, అప్పటికి కొన్ని నెలలుగా మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు! సండేస్కూలు పిల్లలకు పాటలు నేర్పే ప్రేమలత "నాయినా, గోడలకెల్లి నన్నే తిడ్తాండ్రు" అంటూ కూర్చోక, తినక, కిటికీలు మూస్తూ తీస్తూ తిరిగేది, ఆమె వెనుక వాళ్ల అమ్మ, అమ్మ వెనుక నేను! బంధువులు దయ్యమన్నారు. హైదరాబాదు తీసుకుపోయి తలకు స్కానింగ్ తీయించాము. డాక్టరు గారు ఫిల్మును వెలుతురుకు పెట్టగానే కరుణమ్మ ముందుకు వంగి, "దయ్యం కనబడ్డదా సారూ?" అని అడిగింది.

"దయ్యం కాదమ్మా, జబ్బు. మెదడు నడుమ నీళ్లుండే అరలు జర వెడల్పుగ ఉన్నయి. ఈ జబ్బు మొదలైనోళ్లల్ల కొందరికి ఇట్ల కనబడ్తది, అందరికీ కాదు. దీన్ని చూసి బిడ్డ బతుకు ఎట్లుంటదో నేను చెప్పలేను. మాత్రలు మాత్రం ఆపొద్దు" అన్నారాయన.

మాత్రలతో ఆమెకు నిద్ర వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. అంతలో ఆమె కోసమే సంఘం ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంది. మళ్లీ గోడలు మాట్లాడసాగాయి! ఆ శుక్రవారం స్త్రీలు పాడుతుంటే ప్రేమలత చెవులు మూసుకొని మూలకు ఒదిగింది.

"మందు ఏసుకుంటానవా బిడ్డా?" అన్నారు పాస్టరు గారు.

"ఉపవాసంల మందెట్ల ఏస్తమయ్యా? అన్నంతోని పాటు అదీ బంద్ పెట్టినం" అంది కరుణమ్మ.

ఆయన మాత్ర, ఒక బన్ను, చెంబెడు నీళ్లు తెప్పించారు. "విషమంటాండ్రు" అని ప్రేమలత చేతులు వెనక్కు దాచుకుంది. ఆయన నేలమీద ఆమె ఎదుట కూర్చొని, ముందు తానే ఆ చెంబులో నీళ్లు తాగి, బన్ను విరిచి తాను తిని ఉపవాసం విడిచి, మిగతా ముక్క ఆమెకిచ్చి ప్రార్థించారు: "ప్రభువా, మెదడును చేసినవాడవు నీవే, ఈ మాత్రలోని మేలు కూడా నీదే, ఈ బిడ్డ భయాన్ని నీవు పట్టుకో!"

చాలాసేపటికి ఆమె బన్ను తిన్నది, మాత్ర మింగింది. మహిమ అంతా ప్రభువుకే!

ప్రియులారా, ప్రార్థన మానవద్దు, దవాఖానకు పోవడమూ మానవద్దు, రెండు చోట్లా మిమ్మల్ని కాచేవాడు ఒక్కడే, ఆయనను నమ్మండి!

మరుసటి ఉదయం ప్రేమలత ఎర్రబడ్డ కళ్లతో వంటింటి గడపలో నిలబడింది. "గొంతులు పోలేదు నాయినా, ఇంక ఉన్నయి" అంది. ఆమె గ్లాసులో నీళ్లు ముంచుకొని వాళ్ల అమ్మ వైపు తిరిగి అడిగింది:

"అమ్మా, మాత్ర అన్నం తిన్నంక ఏసుకోవాల్నా, ముందుగాలనేనా?"

కరుణమ్మ పొయ్యి వెలిగించింది.