నిఘంటువుకు కాపలా

పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఈ కాలేజీ లైబ్రేరియన్ కీబోర్డుకు ఎడమ చెయ్యి అడ్డం పెడతాడు. పండితుల ఆన్‌లైన్ నిఘంటువుకు ఏటా చందా కట్టేది కాలేజీ. ఇతని వాలకం చూస్తే మాత్రం తాతల ఆస్తి పంచుతున్నట్టే ఉంటుంది. మొన్న పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి వచ్చి, "సార్, ఒక్క పాత మాటకి అర్థం చూసుకుంటానండీ. రేపే థీసిస్ ఇచ్చెయ్యాలి," అంది.

"పర్మిషన్ లెటర్ తెచ్చుకోమ్మా. ప్రతివాళ్లూ వచ్చి చూసిపోడానికి ఇదేమన్నా సంతా?" అని కళ్లద్దాలు తుడుచుకుని, స్క్రీన్ ఆపడం మరిచిపోయి టీకి వెళ్లాడు. ఆ అమ్మాయి గబగబా తన మాట కొట్టి, అర్థం రాసుకుంది. ఈ ఏడాది వెతికిన మాటల జాబితా కిందే ఉంది. అందులో తన మాటకి ముందు వెతికింది ఒక్కటే, లైబ్రేరియన్ పేరు. దానికెదురుగా, "ఇలాంటి పదమేదీ లేదు" అని ఉంది.