వేడి తెలియని కాళ్లు

మోండా మార్కెట్‌లో మా గిన్నెల కొట్టు షట్టర్ ఎత్తుతూ మా ఆయన వీపు పట్టుకుని కూలబడ్డారు. గ్యాస్ అనుకుని సోడా తాగించాను. ఏ నొప్పి వచ్చినా నాకు ముందు తోచేది గ్యాసే. మధ్యాహ్నానికీ తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాను.

సీటీ స్కాన్‌లో అయోర్టా, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, బాగా ఉబ్బిందని తేలింది.

"పగిలితే ప్రాణానికే ప్రమాదమమ్మా. ఆపరేషన్‌లో వెన్నుపాముకి రక్తం తగ్గి కాళ్లు పడిపోయే రిస్క్ కూడా ఉంది," అన్నారు సర్జన్. సంతకం పెట్టాను.

ఆపరేషన్ అయింది. రెండో రోజు ఐసీయూలో ఆయన, "సుజాతా, కాళ్లు లేస్తలేవే," అన్నారు. వెన్నుపాముకి రక్తం అందాలని వెంటనే బీపీ పెరిగేలా మందులిచ్చారు, వెన్నులో నీరు తీసి ఒత్తిడి తగ్గించడానికి నడుము దగ్గర సన్నటి గొట్టం పెట్టారు. నాలుగో రోజు ఎడమ బొటనవేలు కదిలింది. ఐసీయూ అని కూడా చూడకుండా గట్టిగా ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక రోజూ ఫిజియోథెరపీ. నేనూ ఫిజియోథెరపిస్టూ చెరో పక్క పట్టుకుంటే నిలబడే దాకా వచ్చారు. ఇక నడుస్తారనే అనుకున్నాను. ఒకరోజు ఆయన పాదాలు చల్లగా తగిలాయి.

"నా చెయ్యి తెలుస్తుందా?" అని అడిగాను.

"మంచిగ తెలుస్తుంది."

ఆ ధైర్యంతో ఉప్పు వేయించి, మూట కట్టి కాపడం పెట్టాను. వేడి సరిపోయిందా అని అడిగితే, "ఏం వేడి లేదు, జెర ఇంకా కాల్చు," అన్నారు. ఇంకా కాల్చాను. మర్నాడు చూస్తే రెండు పాదాలూ బొబ్బలే.

డాక్టర్ దగ్గర ఆయన, "నేనే వేడి నీళ్లల్ల పెట్టిన సార్," అని అబద్ధమాడారు. నాకు కోపమొచ్చింది. "కాదు సార్, నేనే చేసిన," అన్నాను.

"వెన్నుపాముకి ఇలాంటి ఇంజురీ అయితే ముట్టుకుంటే తెలుస్తుంది గానీ కాలితే తెలియకపోవచ్చమ్మా. ఇది మేమే ముందు చెప్పాల్సింది," అన్నారు డాక్టర్.

పుండ్లు మానడానికి ఆరు వారాలు పట్టింది. అన్నాళ్లూ నిలబడటం బంద్. వచ్చిన బలం సగం పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకే కాస్త తేలికగా ఉండేది.

ఇప్పుడు ఆటో దిగి వాకర్‌తో కొట్టులోకి నడుస్తారు. మూత్రానికి ఇంకా ట్యూబ్ వాడాలి. బేరాలు కుర్చీలోంచే, గొంతు మాత్రం ఏం తగ్గలేదు.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, స్నానానికి నీళ్లు తోడినా సరే, ముందు మీ మోచేతికి తగిలించి చూసుకోండి. వేడి సరిపోయిందా అని వాళ్లను అడగకండి. నేను అడిగాను. వేడి తెలియక, నా చేతి మీది నమ్మకంతో ఆయన ఇంకా కాల్చమన్నారు.