ఉప్పు కాళ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఏడాదికోసారి కాళ్లు కడిగే ఆరాధన జరిగేది. మంచి శుక్రవారానికి ముందురోజు సాయంత్రం, ఏసయ్య తన శిష్యుల కాళ్లు కడిగిన సంగతి గుర్తుచేసుకుంటూ పాస్టరు అయ్యగారు పన్నెండు మంది మగవాళ్లను గుళ్లో కుర్చీల్లో కూర్చోబెట్టి వాళ్ల పాదాలు కడిగేవారు. పన్నెండు మందీ సంఘంలో పలుకుబడి ఉన్నవాళ్లే. తమాషా ఏమిటంటే, వాళ్లంతా ఆ పూట ఇంట్లోనే కాళ్లు బాగా రుద్దుకుని, మడమలకు కొబ్బరినూనె రాసుకుని మరీ వచ్చేవాళ్లు. అయ్యగారి చేతికి మట్టి అంటితే మర్యాద కాదట. కడగడం అయ్యాక బేసిన్లో నీళ్లు చూస్తే, వాటితో కాఫీ పెట్టుకోవచ్చనిపించేది.

మా జేజి, అంటే మా నాన్న తల్లి, బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి ఏసయ్య కథలు చెప్పడమే ఆమె పని. ఆమె చెబుతుంటే ఆయన ఎక్కడో దూరదేశంలో తిరిగినట్టు ఉండేది కాదు. ఆయన శిష్యుడు పేతురు మా పాలెం ఒడ్డునే కూర్చుని వల బాగుచేసుకునేవాడు. ఏసయ్య మా ఉప్పుగాలికే కళ్లు చికిలించుకునేవాడు. గంగమ్మకు మొక్కే జాలరి ఆడవాళ్లు కూడా చేపలు ఎండబోసుకుంటూ ఆ కథలు ఇష్టంగా వినేవాళ్లు. విని ఊరుకునేవాళ్లంటే జేజికి చిరాకు లేదు గానీ, కంఠతా వచ్చి కూడా పాటించనివాళ్లంటే ఒళ్లు మంట.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. మొగుడు వదిలేసి పోతే ఇద్దరు పిల్లలతో ఉప్పు కొఠార్లలో కూలికి వెళ్లేది. సముద్రపు నీళ్లు మళ్లలోకి పారించి ఎండబెట్టే చోటది. రోజంతా ఆ నీళ్లలో నిలబడి ఆమె పాదాలు బీటలు వారి నెత్తురు చిమ్మేవి. ఒక ఏడు వేసవి మొదట్లో, ఆదివారం పొద్దున్నే మబ్బు కమ్మింది. వాన పడితే తీసిన ఉప్పంతా కరిగిపోతుంది. కొఠార్ల మేస్త్రీ కబురంపితే అక్క పరుగున వెళ్లి ఉప్పు కుప్పలెత్తి, వాటి మీద తాటాకులు కప్పి వచ్చింది. ఆ మేస్త్రీయే మా సంఘపెద్ద. కబురంపి, తాను మాత్రం గుడికొచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. తర్వాతి వారం, ఆదివారం పనిచేసిందని అక్కను ప్రభు బల్ల నుంచి ఆపేశారు. అంటే అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునేటప్పుడు ఆమె చెయ్యి చాపకూడదు. మొగుడు వదిలేసినప్పుడు కూడా ఏడవని మనిషి ఆ రోజు మా వాకిట్లో కూర్చుని ఏడ్చింది. నాకు మిగిలిందే ఆ బల్ల అంది. జేజి ఆమె బీటలు వారిన పాదాల వంకే చూసింది.

గురువారం సాయంత్రం వచ్చింది. పన్నెండు మందిలో ఒకాయన జ్వరంతో రాలేకపోయాడు. ఒక కుర్చీ ఖాళీ. ఎవరైనా వచ్చి కూర్చోండని అయ్యగారు అడిగేసరికి జేజి లేచింది. నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్లింది. పని నుంచి ఇంటికి పోకుండా అట్నించి అటే వచ్చి అక్క అక్కడ నిలబడి ఉంది. కాళ్లకు పిక్కల దాకా బురద, ఉప్పు తెల్లగా పొర కట్టి ఉన్నాయి. జేజి ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టింది.

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. ఆడమనిషి, పైగా బల్లకు దూరంగా ఉన్న మనిషి, ఇది పద్ధతి కాదన్నాడు. అయ్యగారు కొత్తగా వచ్చిన కుర్రాడు, ఆయన పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

జేజి గొంతు పెంచలేదు. "ఆ పన్నెండు మందిలో ఏసయ్యను అమ్మిన యూదా కూడా ఉన్నాడు కదయ్యా. వాడి కాళ్లు కూడా కడిగినాడు ఏసయ్య. ఈ బిడ్డ ఎవుర్ని అమ్మింది?" అంది.

అయ్యగారు తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. జేజి ఆ తువ్వాలు ఆయన చేతిలోంచి తీసుకుంది. మోకాళ్ల నొప్పితో మంచం దిగడానికే మూలిగే మనిషి, నేల మీద చతికిలబడి అక్క కాళ్లు బేసిన్లో పెట్టుకుంది. పగుళ్లు మండి అక్క పళ్లు బిగించింది. బేసిన్లో నీళ్లు మట్టిరంగుకు తిరిగాయి. ఆ గుళ్లో ఆ నీళ్లకు రంగు రావడం అదే మొదటిసారి.

నేను గర్వపడ్డానని చెప్పుకుంటే బాగుండేది. నిజానికి నాకు తల కొట్టేసినట్టయింది. నా పక్కనున్న మేస్త్రీ కూతురు దూరం జరిగితే, నేనూ జేజికి ఏమీ కానట్టు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఆ సిగ్గు మాత్రం నన్ను ఇంతవరకూ వదల్లేదు.

ఈస్టరు ఆదివారానికి జేజిని కూడా బల్ల నుంచి ఆపేశారు. ఆమె, అక్క ఇద్దరూ చివరి బెంచీలో కూర్చుని, పాటలు మాత్రం అందరికంటే గట్టిగా పాడారు. ఇంటికొస్తూ, నిన్ను బయటికి నెట్టేశారని బాధగా లేదా అని అడిగాను.

"ఏసయ్యను సొంతూరోళ్లే గుళ్లోంచి నెట్టుకుంటా కొండ కొమ్ముదాకా తీసకపోయినారు పాపా. నన్ను చివరి బెంచీ దాకానే కదా" అని నవ్వింది.

క్రిస్మసుకు అక్కను మళ్లీ బల్లకు పిలిచారు. జేజిని మాత్రం క్షమాపణ చెప్పుకోమన్నారు. ఆమె చెప్పలేదు. మరో ఏడాది చూసి, విసిగిపోయి వాళ్లే పిలిచారు. మేస్త్రీ ఆ తర్వాత ఏ ఆదివారమూ కొఠార్లకు కబురంపలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. గుడికి టైల్సు వేశారు, కుర్చీలకు తెల్లగుడ్డలు కడుతున్నారు. పన్నెండు మందిలో ఇప్పుడు ఆడవాళ్లనూ కూర్చోబెడుతున్నారు. పోయినేడు నన్నూ పిలిచారు. మా కోడలు వేడినీళ్లు తోడి, సబ్బు పక్కన పెట్టి, కాళ్లు కడుక్కుని వెళ్లండత్తయ్యా అంది. నేను కడుక్కోలేదు. ఆటో వద్దని, చెప్పులు ఇంట్లోనే వదిలేసి, కొఠార్ల గట్టు మీదుగా నడుచుకుంటూ గుడికి వెళ్లి కూర్చున్నాను.