శాస్త్రిగారి మాత్రలకు గోత్రం చూసిన రోజు

రెండేళ్ల కిందటి శ్రావణమాసం. తాడేపల్లిగూడెంలో నేను ఫార్మసిస్టుగా పనిచేసే మందుల షాపు. కౌంటరుకు ఇవతల నేను, బీపీ మెషిన్. అవతల పురోహితులు శాస్త్రిగారు, ఆయన శ్రీమతి, పంచాంగం పెట్టుకునే గుడ్డసంచి. సంచిలో మాత్రల స్ట్రిప్పులు రెండు. బీపీ 94/60.

ముందురోజు పెంటపాడులో పెళ్లి చేయిస్తూ, పీట మీంచి లేవబోయి కళ్లు తిరిగి, శాస్త్రిగారు పెళ్లికొడుకు ఒళ్లో కూలబడ్డారట. ఆదివారం గుండుగొలనులో ఇంకో పెళ్లి ఉంది.

"మళ్లీ పడితే ఇక నన్నెవరు పిలుస్తారండీ?" అన్నారు.

"పెళ్లికొడుకు పక్కన పడ్డారు కాబట్టి సరిపోయింది. హోమం పక్కన పడితేనో?" అన్నారు ఆవిడ.

స్ట్రిప్పులు చూశాను. ఒకటి ఏలూరు డాక్టరు రాసింది, ఒకటి గూడెం డాక్టరు రాసింది. కంపెనీలు పెట్టిన పేర్లు వేరు, రంగులు వేరు. కింద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు, అంటే జెనరిక్ నేమ్, ఉంటుంది. ఒకదాని మీద టెల్మిసార్టాన్, రెండోదాని మీద లోసార్టాన్.

"రెండూ ఎందుకు వేసుకుంటున్నారండీ?"

"ముహూర్తం ఇద్దరికి చూపిస్తాం కదా, బీపీ కూడా అలాగే చూపించాను. ఒకరిది వేసుకుని రెండో ఆయనది మానేస్తే ఆయన్ని చిన్నబుచ్చినట్టు కాదూ?"

జెనరిక్ పేరులో కుటుంబాన్ని చెప్పే ముక్కను స్టెమ్ అంటారు. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ పనిని అడ్డుకునే ఈ మందుల పేర్ల చివర "సార్టాన్" ఉంటుంది. "డిపిన్" ఇంకో కుటుంబం. డైహైడ్రోపిరిడిన్ అనే రసాయనం పేరును కుదిస్తే వచ్చింది. ఇదంతా వివరంగా చెప్పాను. శాస్త్రిగారు మర్యాదగా తలూపారు. ఏమీ ఎక్కలేదని తెలిసిపోయింది.

"పోనీ, చివరి ముక్క గోత్రం అనుకోండి. ఇవి రెండూ సార్టాన్లే."

ఆయన చేతిలోని స్ట్రిప్పులు ఠక్కున కింద పెట్టేశారు.

"సగోత్రమా! నలభై ఏళ్లలో ఒక్క సగోత్ర సంబంధం కలవనివ్వలేదే! నా పొట్టలోనే కాపురం పెట్టించానా?"

"ఊరందరి గోత్రాలూ అడుగుతారు. తాను మింగేదానిది మాత్రం అడగరు," అన్నారు ఆవిడ.

రెండూ ఒకే పని చేసి బీపీని మరీ దించేస్తున్నాయని గూడెం డాక్టరుకు అక్కడినుంచే ఫోన్ చేశాను. ఏలూరు మాత్ర ఆపమన్నారు, రోజూ బీపీ చూడమన్నారు.

"మరి ఏలూరాయనకు ఏం చెప్పనే?" అని శాస్త్రిగారు దిగులుపడ్డారు.

"గోత్రం కుదరలేదని చెప్పండి," అన్నారు ఆవిడ.

ఆదివారం పెళ్లిలో ఆయన పడలేదు. సోమవారం బీపీ 128/80.

కాలేజీలో స్టెమ్‌ల జాబితా పరీక్ష కోసం బట్టీపట్టాను. ఇప్పుడు బీపీ మందుకు ఎవరొచ్చినా, ముందు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ తెచ్చి కౌంటరు మీద పరవమంటున్నాను.

ఆ సోమవారం శాస్త్రిగారు ఫోన్ కూడా నా ముందు పెట్టారు. గుండుగొలను పెళ్లిలో, భోజనాలయ్యాక మాత్రలు తీసిన ప్రతివారి స్ట్రిప్పులకూ ఫొటోలు తీశారట. పదకొండు మంది. అన్నీ చూశాను.

సగోత్రాలు: రెండు.