జీడి తొక్కల్లో దాచిన జాతకం

నా చిన్నప్పుడు కాశీబుగ్గలో మా వీధి పిల్లలందరికీ పుట్టినరోజు ఒక్కటే, జులై ఒకటి. కన్నతల్లులు చెప్పింది కాదది, బడిలో చేర్చుకున్న మాస్టార్లు రాసుకున్నది. మా తాతయ్యదీ అదే తేదీ. ఆయనకు అదనంగా రెండేళ్ల వయసు కూడా కలిపారు. చదువులో చురుకు, మెట్రిక్ పరీక్షకు కూర్చోడానికి వయసు చాలదు, అందుకని ఆ కాలపు మాస్టారు పుట్టిన సంవత్సరాన్ని రెండేళ్లు వెనక్కి జరిపి రాసేశారు. అప్పట్లో అది తప్పని ఎవరూ అనుకోలేదు.

ఆ రెండేళ్లు చివరికి తాతయ్య మెడకు చుట్టుకున్నాయి. ఆయన యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో సరిగ్గా గుర్తులేదు, ఆ ఏడు జూన్ ఆఖరుకు రికార్డు ప్రకారం రిటైరు కావాలి. మిగిలిన సెలవంతా చివర్లో వాడుకోవడం ఆనవాయితీ కాబట్టి డిసెంబరులోనే సెలవు పెట్టి ఇంటికొచ్చేశారు. ఆ సెలవులో పాఠాలు చెప్పడానికి తాత్కాలికంగా తీసుకున్నది ఆయన దగ్గరే చదువుకున్న మా పక్కింటి అక్కని. తాతయ్య రిటైరైతే ఆ ఉద్యోగం అక్కకు నిలుస్తుంది. ఆయన తిరిగి చేరితే మర్నాడే అక్క ఇంటికి రావాలి.

తాతయ్యకు ఇల్లు పడలేదు. పాలు పోయడానికి వచ్చినవాడికి ఆకులు గాలి ఎలా పీల్చుకుంటాయో చెప్పేవారు. వంకాయ కనబడితే నాయనమ్మకు దాని వంశవృక్షం విప్పేవారు. "ముందు ఆ కరివేపాకు కోసుకురండి, దాని కులగోత్రాలు తరవాత సెబుదురు" అనేది ఆవిడ. నేను నవ్వేదాన్ని గానీ, ఆయన సాయంత్రాలు ఖాళీ అరుగు వైపు చూస్తూ పెదవులు కదపడం చూస్తే నాకు దిగులేసేది.

మా నాన్న టెక్కలి తాలూకా ఆఫీసులో గుమాస్తా. దారి ఆయనే కనిపెట్టాడు. తాతయ్య పుట్టినప్పుడు ముత్తాత తాటాకు మీద గంటంతో రాసిన జాతకం ట్రంకుపెట్టెలో ఉంది. రిటైరయ్యే లోపు దాన్ని అర్జీకి జతచేసి పంపితే వయసు సరిదిద్దుతారని, ఇంకో రెండేళ్లు పాఠాలు చెప్పుకోవచ్చని నాన్న నమ్మకం. "అబద్ధమేటి కాదు కద నాన్నా, ఉన్నదే సెప్తన్నాం" అన్నాడు. నిజమే. తాతయ్య ఔననలేదు, కాదనలేదు. కానీ నాన్న రాసిన అర్జీని మాత్రం రెండుసార్లు కూర్చుని దిద్దారు.

వేసవి సెలవులకు వచ్చిన అక్క ఇంకా ఇక్కడే ఉంది. మా ఇంటికొచ్చి నాకు లెక్కలు నేర్పింది తనే. ఒక మధ్యాహ్నం గోడ అవతల అక్క వాళ్లమ్మ ఉద్యోగం పోతుందని ఏడవడం, అక్క ఊరుకోమనడం విన్నాను. ఇక ఆగలేకపోయాను. జాతకాన్ని గుడ్డలో చుట్టి, పెరట్లో పొయ్యికోసం ఉంచిన జీడి తొక్కల బస్తాలో మోచేతిదాకా దూర్చి దాచేశాను. ఆ బస్తాలో ఎవరూ చెయ్యి పెట్టరు, అదీ నా తెలివి. ఎందుకు పెట్టరో మాత్రం, ఆ ఊళ్లో పుట్టి పెరిగి కూడా మరిచిపోయాను.

రెండు రోజుల తర్వాత అర్జీ పంపాల్సిన రోజు వచ్చింది. ఆ సాయంత్రం మెయిలు బండిలో పడితేనే నెలాఖరు లోపు ఆఫీసుకు అందుతుంది. పొద్దున్నే పెట్టె తెరిస్తే జాతకం లేదు. మంచాలెత్తారు, బియ్యం డబ్బాలు కూడా దిమ్మరించారు. మధ్యాహ్నానికి నాన్న ముఖం ఎర్రబడింది. పక్కింటి గోడ వైపు తిరిగి, వాళ్లకు వినబడేటట్టే అన్నాడు: "మొన్న ఇంటికొచ్చింది ఎవలు? ఎవలికి లాభమో ఆళ్లే తీసుంటారు."

గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నోరు విప్పాలనుకుంటూనే నాయనమ్మ పెట్టిన పనసతొనను ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాను. తాతయ్య నా వైపే చూస్తున్నారు.

"ఏటే, ఎడం సేత్తో తింటన్నావు? కుడి సెయ్యి సూపించు."

వెనక్కి దాచుకున్నాను. ఆయనే వచ్చి తీసి చూశారు. మోచేతిదాకా బొబ్బలు. మా వైపు ఇంటింటా తెలిసిన సంగతే, జీడి తొక్కలోని నూనె తగిలితే చర్మం అలాగే పొంగుతుంది. ఇక నేను చెప్పడానికేం మిగల్లేదు.

నాన్న చెయ్యెత్తాడు. తాతయ్య అడ్డుకున్నారు. బొబ్బలకు నాయనమ్మ చేత కొబ్బరినూనె రాయించి, పెరట్లోకి తీసుకెళ్లి, కర్రతో బస్తా కెలికి జాతకం బయటికి తీశారు. అంచులు నల్లబడ్డాయి గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. దాన్ని నా చేతే నాన్న ముందు పెట్టించారు. పక్కింటికి తీసుకెళ్లి, దాచింది నేనేనని అక్కకు చెప్పించారు. నాన్న కూడా గుమ్మం దాకా వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. తిరిగి వస్తూ తాతయ్య అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు. "అక్క మీద పేమతోనే సేసావు, తెలుసు. కానీ అక్కని దొంగని సేసేసావు. నాకేమో దారి మూసేసావు. నేనేటి సేత్తానో సూడనైనా లేదు కదే నువ్వు."

నాన్న జాతకాన్నీ అర్జీనీ కవర్లో పెట్టి అంటించాడు. తాతయ్య దాన్ని తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని పలాస స్టేషనుకు నడిచారు. ఏం చేస్తారో అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ప్లాట్‌ఫారం మీద అక్క ఉంది, ట్రంకుపెట్టెతో. యూనివర్సిటీ తెరుస్తున్నారని అదే బండికి బయల్దేరింది. మెయిలు వచ్చి ఆగింది. ఆ బండి తపాలా బోగీకి ఉత్తరాలు వేసే సందు ఉండేది, తాతయ్య దాని ముందు నిలబడ్డారు. కవరు అంచు సందులో పెట్టారు. తీశారు. మళ్లీ పెట్టారు.

అక్క బండెక్కకుండా దగ్గరికొచ్చింది. "మాస్టారూ, కవరు నాకియ్యండి. రేపు ఆఫీసు తెరవగానే నేనే ఇచ్చేత్తాను. తపాలాలో ఆలస్యమైతే మళ్లీ ఇబ్బంది" అంది. అందులో ఏముందో తనకు తెలుసు. అయినా చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

తాతయ్య ఆ చేతి వైపు చూశారు. గార్డు ఈల వేశాడు. "బండెక్కమ్మా" అన్నారు. "ఆ రెండేళ్లూ మెట్రిక్ నాడే ముందుగా తినేసాను. మళ్లీ ఇప్పుడు ఇంకోపాలి వడ్డించమంటే బాగోదు."

బండి వెళ్లిపోయాక, వెయ్యని కవరు చేతిలోనే పట్టుకుని ఆయన బల్ల మీద కూలబడి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. వేసేద్దామనే వచ్చారా అని అడిగితే, "బండి కదిలేదాకా నాకే తెలీదే" అన్నారు. ఆ రెండేళ్లూ ఆయనకెంత కావాలో అప్పుడర్థమైంది నాకు.

ఆ జాతకం బస్తాలోనే ఉండిపోతే అక్క దొంగగా, తాతయ్య దురదృష్టవంతుడిగా మిగిలేవారు. వాళ్లిద్దరూ ఎంత గొప్పవాళ్లో లోకానికే కాదు, వాళ్లకు కూడా తెలిసేది కాదు. ఇప్పుడు నాకూ తాతయ్య వయసు వచ్చేసింది. నావాళ్లు తప్పటడుగు వేస్తారేమోనని భయం వేసినప్పుడల్లా ఏదో ఒకటి దాచెయ్యాలని చెయ్యి లాగుతుంది. దాచను. తెచ్చి ఎదురుగా పెట్టి, గుండె చిక్కబట్టుకుని కూర్చుంటాను. అందరూ తాతయ్యలా చెయ్యలేదు. అయినా దాచను.