మోటార్లు నువ్వే కదమ్మా

చిక్కమునియప్ప సారుకు ఎవరు ఏ పని చేశారో గుర్తుండదు. ముప్పై ఏళ్లుగా వర్క్‌షాపులో పాఠం చెబుతున్నా ఆయన ప్రశ్న తప్పకుండా తప్పు మనిషికే వెళ్తుంది. వైరింగు చేసినవాణ్ని ఈ రంగెందుకు వేశావంటాడు. రంగు వేసినమ్మాయిని బ్యాటరీ లెక్క చెప్పమంటాడు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషిని నిలబెట్టి, రికార్డు ఎప్పుడు ఇస్తావప్పా అని అడిగాడట. ఆయన కంగారుపడి సోమవారం తెస్తానన్నాడట.

కన్నడనాట హొసకోటె దారిలో ఉన్న ఆ ఇంజనీరింగు కాలేజీలో మొదటేడాది పిల్లలు నలుగురేసి కలిసి ఒక రోబో చెయ్యాలి. నేలమీద అతికించిన నల్ల గీత వెంట అది నడవాలి. పల్లవి ఉన్న జట్టులో ప్రోగ్రాం కౌశల్‌ది, మోటార్లు ఓంకార్‌వి, డ్రాయింగు అర్పితది. కనిగిరి దగ్గర పల్లెలో తెలుగు మీడియం చదివి వచ్చిన పల్లవికి రిపోర్టు మిగిలింది. రిపోర్టంటే ఆ ముగ్గురూ చెప్పింది రాయడం, అడిగినప్పుడు స్క్రూడ్రైవరు అందించడం.

మూడు వారాలైనా ఆ రోబో ఎలా నడుస్తుందో ఆమెకు అంతుపట్టలేదు. అడిగితే కౌశల్ ఇంగ్లీషులో గబగబా చెప్పేవాడు. విన్నాక, అంతకుముందు తెలిసిందీ పోయేది. శుక్రవారం బయటినుంచి ఎగ్జామినర్ వస్తాడు. ఒక్కరు జవాబు చెప్పలేకపోయినా జట్టంతటికీ మార్కులు కోస్తారు. నన్ను మాత్రం అడగనీయకు స్వామీ అని పల్లవి రోజూ ఆంజనేయుడికి దణ్ణం పెట్టుకునేది.

సారు మతిమరుపుకు విరుగుడుగా కౌశల్ నలుగురి జేబుల మీదా చీటీలు అంటించాడు: ప్రోగ్రాం, మోటార్లు, డ్రాయింగు, రిపోర్టు. సోమవారం సారు కళ్లద్దాలు సవరించుకుని నాలుగూ ఓపిగ్గా చదివాడు. చదివి పల్లవి వైపు తిరిగాడు.

"ఏమ్మా రిపోర్టూ, మోటార్లు నువ్వే కదమ్మా బిగించింది? ఎడం పక్కది వదులుగా ఉండాది, చూడు."

పల్లవి కాదంది. ఓంకార్ తనేనన్నాడు, చీటీ కూడా చూపించాడు. సారు అతని దస్తూరీని మెచ్చుకుని, స్క్రూడ్రైవరు పల్లవి చేతిలో పెట్టాడు.

"బలక్కి తిప్పమ్మా. బలక్కి."

పల్లవి పళ్లు బిగబట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పింది. సారు చాలనేలోగా మోటారును పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ టప్పున విరిగింది. కన్నడంలో బల అంటే కుడి పక్క అని అర్పిత అప్పుడు చెప్పింది.

కౌశల్ తల పట్టుకున్నాడు. "సార్, ఇంకా ఫోర్ డేసే ఉంది. మొత్తం విరగ్గొట్టేసింది సార్."

"విరగ్గొట్టింది నువ్వు కదప్పా," అన్నాడు సారు.

కౌశల్ తాను ముట్టుకోనే లేదన్నాడు.

"ఎవురో ఒకరులే. ఈ పాప బిగిస్తాది. నువ్వు స్క్రూలు అందియ్యి."

పల్లవి మోటార్లు రెండూ విప్పింది. అల్యూమినియం రేకు కత్తిరించి కొత్త పట్టీ చేసింది. రెండుసార్లు తలకిందులుగా బిగించింది. స్క్రూలు అందిస్తూ కూర్చున్న కౌశల్‌కు వేరే పని లేక, ఆమె అడిగినవన్నీ నిదానంగా తెలుగులో చెప్పాడు. చెబుతుంటే తనకూ కొన్ని తెలియవని తేలింది. అవి ఇద్దరూ కలిసి వెతికారు.

శుక్రవారం ఎగ్జామినర్ ఎటూ చూడకుండా నేరుగా పల్లవినే అడిగాడు, మలుపులో రోబో ఎందుకు ఊగుతోందని. ఆమె వంగి మోటార్లు చూపించింది.

"రెండు మోటార్లూ ఒకే వేగంతో తిరగవు సార్. ఎడందానికి జోరెక్కువ. ప్రోగ్రాంలో తగ్గించాం, ఇంకా కాస్త మిగిలింది."

"విప్పి చూశావా?"

"ముందు విరగ్గొట్టి, తర్వాత విప్పి చూశాను సార్."

ఆయన నవ్వి మార్కులు వేసుకున్నాడు. ఒక్కటీ కొయ్యలేదు.

మిగతా జట్ల పరీక్ష అవుతుంటే పల్లవి గోడవారగా నిలబడి చూసింది. ఆ వారమంతా సారు పొరపాటున ప్రశ్నలడిగినవాళ్లు జట్టుకొకరు ఉన్నారు. అందరూ వెనక నిలబడేవాళ్లే. ఇవాళ ఒక్కరూ తడబడలేదు. ఆమె మెల్లగా సారు దగ్గరికెళ్లి, నిజంగానే మీకు ఏదీ గుర్తుండదా సార్ అని అడిగింది.

"ఏం గుర్తమ్మా? నువ్వు ఏ జట్టో కూడా తెలీదు నాకు," అన్నాడాయన. "పొద్దున్నించి ఏమీ తినలేదు నువ్వు. క్యాంటీను మూసేస్తారు, పో."